పంతులుగారు లేని బారసాల: మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలి

మతంతో సంబంధం లేకుండా బిడ్డకు పేరు పెట్టుకుందామనుకునే జంటలు ఈమధ్య తరచూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "పూజ వద్దనుకున్నాం, సరే. మరి ఆ టైములో ఏం చేయాలి?" కులాంతర, మతాంతర పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లది, హేతువాదులది, 'మాకు నమ్మకం లేదు కానీ అమ్మానాన్నలకు ఉంది' అనేవాళ్లది, అందరిదీ ఇదే సందేహం.

మంత్రాల సంగతి పక్కన పెట్టండి. బారసాలలో పంతులుగారు ఫంక్షన్‌ను నడిపిస్తారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, బిడ్డను ఎప్పుడు తీసుకురావాలి, మేనత్త ఎప్పుడు ముందుకు రావాలి, భోజనాలకు ఎప్పుడు లేవాలి, అన్నీ ఆయనే చెప్తారు. ఆయన్ని పిలవనప్పుడు ఆ పని ఎవరికీ అప్పగించకపోతే జనం వస్తారు, ఫొటోలు దిగుతారు, తింటారు, పేరేమిటో సగంమందికి తెలియకుండానే వెళ్లిపోతారు. పూజ లేని బారసాల చప్పగా ఉంటుందన్న మాట ఇలాగే పుట్టింది. అందుకే ఈ గైడ్‌లో అలంకరణ గురించి తక్కువ, నడిపించడం గురించి ఎక్కువ ఉంటుంది.

1. ముందు మీరిద్దరూ తేల్చుకోండి

'మతం లేకుండా' అన్న మాటకు భార్యకో అర్థం, భర్తకో అర్థం ఉంటుంది. ఒకరికి హారతి కూడా వద్దు, ఇంకొకరికి హోమం లేకపోతే చాలు. ఈ తేడా ఫంక్షన్ రోజు బయటపడితే అందరిముందూ గొడవే. ఒక సాయంత్రం కూర్చుని కాగితం మీద మూడు గళ్లు గీసి రాసుకోండి.

*పూర్తిగా వద్దు:* గణపతి పూజ, పుణ్యాహవచనం, హోమం, నక్షత్రాన్ని బట్టి అక్షరం, ముహూర్తం.

*ఉంచుకుందాం:* ఉయ్యాల (తెలంగాణలో తొట్టెల), బియ్యంలో పేరు రాయడం, మేనత్త చెవిలో పేరు చెప్పడం, జోలపాట, కొత్త బట్టలు, విందు.

*మాట్లాడుకోవాలి:* హారతి, అక్షింతలు, పసుపు కుంకుమ, దిష్టి, మొలతాడు.

రెండో గడిలో ఉన్నవాటిని తీసేయొద్దని నా సలహా. ఉయ్యాలకూ, పళ్లెంలో బియ్యానికీ, జోలపాటకూ ఏ దేవుడితోనూ తప్పనిసరి సంబంధం లేదు. వాటినీ తీసేస్తే మిగిలేది కేకు, బెలూన్లు. అప్పుడది పుట్టినరోజు పార్టీలాగే ఉంటుంది.

మూడో గడి మీ ఇష్టం, అయితే రెండువైపులా ఒకే కొలత పాటించండి. మతాంతర పెళ్లి అయినచోట ఇది మరీ ముఖ్యం. 'ఒక్క హారతే కదా' అని ఒకవైపు ఒప్పుకుంటే, 'ఒక్క ప్రార్థనే కదా' అని రెండోవైపు అడుగుతారు. వాళ్లు అడగడం న్యాయమే. రెండూ ఉండటమో, రెండూ లేకపోవడమో తేల్చండి. ఏ వైపు పెద్దలైనా తమ పద్ధతిలో ఏదైనా చేసుకుంటామంటే, దానికి మీరు ఒప్పుకుంటే, అది వేరే రోజు, వాళ్ల ఇంట్లో. ఈ వేదిక మీద మాత్రం వద్దు.

2. పెద్దవాళ్లకు ఎవరు, ఎప్పుడు, ఎలా చెప్పాలి

అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ మెట్టే. చాలామంది దీన్ని చివరి వారం దాకా నెట్టేస్తారు. అప్పటికి అమ్మమ్మగారు పంతులుగారితో మాట్లాడేసి ఉంటారు.

*ఎప్పుడు:* కడుపుతో ఉన్నప్పుడే, ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో. ఆలస్యమైతే కనీసం ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన వారంలోపు.

*ఎవరు:* ఎవరి అమ్మానాన్నలకు వాళ్లే చెప్పాలి. అత్తగారికి కోడలు చెప్పకూడదు. చెప్తే ఆ నిర్ణయం జీవితాంతం 'కోడలి పంతం' అయిపోతుంది.

*ఎలా:* ఉన్నది ముందు, లేనిది తర్వాత. "అమ్మా, పూజ చేయట్లేదు" అని మొదలుపెడితే ఆ తర్వాత చెప్పేదేదీ ఆవిడ చెవికెక్కదు. ఇలా చెప్పి చూడండి:

"అమ్మా, బిడ్డకి బారసాల చేస్తున్నాం. మనవాళ్లందర్నీ పిలుద్దాం. ఉయ్యాల వేద్దాం, అక్క చేత చెవిలో పేరు చెప్పిద్దాం, నువ్వు జోలపాట పాడాలి. పూజ మాత్రం పెట్టుకోవట్లేదు."

ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు ఎక్కడైనా దాదాపు ఇవే.

*"పదకొండో రోజు పురుడు, మైల సంగతేంటి?"* వాదించొద్దు. ఇల్లు కడుక్కోవడం, తలంట్లు పోసుకోవడం ఇంట్లోవాళ్లు చేసుకుంటామంటే చేసుకోనివ్వండి. పేరు పెట్టే ఫంక్షన్ ఎలాగూ వేరే రోజున ఉంటుంది. మైల నిజమా కాదా అన్న చర్చ బాలింతరాలి గదిలో మాత్రం వద్దు.

*"ఏ అక్షరం వచ్చిందో చూపించాలి కదా?"* "జాతకం రాయించుకుంటానంటే నీ ఇష్టం నాన్నా. పేరు మేం ఎంచుకున్నాం." అంతటితో ఆపేయండి. ఇంకో వాక్యం కలిపితే అది ఉపన్యాసమవుతుంది.

*"నలుగురూ ఏమనుకుంటారు?"* అసలు ప్రశ్న ఇది. దీనికి జవాబు మాటల్లో ఉండదు. ఆ పెద్దాయనకు ఫంక్షన్‌లో గౌరవంగా ఒక పని అప్పగించాలి. నలుగురిముందు తనకో స్థానం ఉందని తెలిశాక ఈ ప్రశ్న చాలావరకు తగ్గిపోతుంది.

అప్పగించదగ్గ పనులు:

- మేనత్త: చెవిలో పేరు చెప్పడం, ఉయ్యాలలో వేయడం
- మేనమామ: బిడ్డను ఎత్తుకుని అందరిముందుకు తీసుకురావడం
- తాతయ్యలిద్దరూ: చెరో రెండు నిమిషాల మాట
- నాయనమ్మ, అమ్మమ్మ: జోలపాట, ఇద్దరూ కలిసి
- అక్కో అన్నో ఉంటే: పేరు రాసిన అట్ట పట్టుకోవడం

మేనత్త లేకపోతే పిన్నో, స్నేహితురాలో. తాతయ్య ఒక్కరే ఉంటే రెండోవైపు నుంచి ఇంకో పెద్ద. భర్త పోయిన అమ్మమ్మను 'శుభకార్యం కదా' అని వెనక కూర్చోబెట్టే అలవాటు ఇప్పటికీ చాలా ఇళ్లల్లో ఉంది. మీ ఫంక్షన్‌లో ఆవిడ కుర్చీ ముందు వరసలో వేయండి, ఉయ్యాల తాడు ఆవిడ చేతికే ఇవ్వండి. మతం లేని వేడుక చేసుకుంటున్నందుకు ఈపాటి తేడా అయినా కనిపించాలి.

3. పేరు ఖాయం చేసుకోవడం

మంచి పేర్ల జాబితా ఇక్కడ ఇవ్వను, అవి ఎక్కడైనా దొరుకుతాయి. దేవుడి పేరు కానిదే పెట్టాలన్న రూలు కూడా లేదు. మన భాషలో సగం పేర్లు పురాణాల్లో ఎక్కడో ఒకచోట తగులుతాయి, అంత వెతుక్కుంటూ పోతే ఏమీ మిగలదు. విజయవాడ నాస్తిక కేంద్రం గోరా గారు ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని, యుద్ధం మొదలైన 1939లో పుట్టిన కొడుక్కి సమరం అని పెట్టారు. అంత ధైర్యం అందరికీ ఉండక్కర్లేదు. పేరు ఎందుకు పెట్టారో నాలుగు వాక్యాల్లో చెప్పగలిగితే చాలు, ఆ నాలుగు వాక్యాలే ఫంక్షన్‌కు గుండెకాయ.

ఖాయం చేసే ముందు ఈ పరీక్షలు పెట్టండి:

- గట్టిగా, దూరం నుంచి పిలిచినట్టు పిలవండి. మెట్ల కింద నుంచి పిలిస్తే వినబడుతుందా?
- ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి చదవండి. బడిలో ఇంటిపేరు పొడి అక్షరంగా మారినప్పుడు ఎలా ఉంటుందో చూడండి.
- ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఇప్పుడే తేల్చండి. 'త'కు టీ ఒక్కటేనా, పక్కన హెచ్ కూడానా? దీర్ఘానికి ఒక ఏనా, రెండు ఏలా? తేల్చాక కాగితం మీద రాసి ఇద్దరూ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.
- పాస్‌పోర్టు ఆలోచన ఉంటే పేరు, ఇంటిపేరు రెండూ విడివిడిగా ఉండేలా చూసుకోండి. పాస్‌పోర్టులో అంతా ఒకే గడిలో పడి రెండోది ఖాళీగా ఉంటే, అమెరికా వీసా మీద పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్ ఎన్ యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. తర్వాత బ్యాంకులో, బడిలో చెప్పుకోలేక చస్తారు.
- తాతపేరు పెట్టాలని పట్టుబడితే దాన్ని రెండో పేరుగా కలపొచ్చు. కానీ రెండువైపుల తాతలనూ కలిపి, మీకిష్టమైన పేరునూ తగిలిస్తే దరఖాస్తు గడుల్లో పట్టదు.

పేరు ఖాయమయ్యాక మీ ఇద్దరితోపాటు మేనత్తకు, నడిపించే మనిషికి మాత్రమే చెప్పండి. వాట్సాప్ గ్రూపులో ముందే లీకైతే ఆ రోజు చెప్పడానికి ఏమీ మిగలదు.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఈ దాపరికం కొంచెం కష్టం. ఆసుపత్రి నుంచి బయటికి రాకముందే జనన పత్రం ఫారంలో పేరు రాయించుకుంటారు. ఫర్వాలేదు, కాగితం మీద రాసినంత మాత్రాన మీరు చెప్పేదాకా బంధువులకు తెలియదు కదా.

4. తేదీ, గంట, చోటు

పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో చేయాలన్న పట్టుదల మీకు లేదు కాబట్టి, ఆ వెసులుబాటు తల్లికి, బిడ్డకు ఉపయోగపడేలా వాడుకోండి. ఆరు వారాలకు వేయాల్సిన టీకాలు అయ్యాక, రెండో నెల చివర్లోనో మూడో నెలలోనో పెట్టుకుంటే తల్లి కోలుకుని ఉంటుంది. సిజేరియన్ అయితే పదకొండో రోజున గంటసేపు పీట మీద కూర్చోబెట్టడం శిక్షే. టీకా వేయించిన మర్నాడు మాత్రం పెట్టొద్దు, బిడ్డకు జ్వరం వచ్చే అవకాశం ఉంటుంది.

గంట విషయానికొస్తే, ఆదివారం ఉదయం పదిన్నర. దీని వెనక ఒక చిన్న రాజకీయం కూడా ఉంది. ఆదివారం యమగండం పన్నెండుకు, రాహుకాలం సాయంత్రం నాలుగున్నరకు మొదలవుతాయి. మీకు ఏ గంటైనా ఒకటే. పెద్దవాళ్లకు అభ్యంతరం లేని గంట పెడితే ఒక గొడవ తప్పుతుంది, మీ నమ్మకానికి పోయేదేమీ లేదు. పైగా డాలస్‌లో ఉన్న బాబాయి వాళ్లకు అప్పుడు శనివారం రాత్రి పదకొండు, పన్నెండు అవుతుంది. మేలుకుని వీడియోలో చూడగలరు.

చోటు ఇల్లయితే మంచిది. ముప్పై, నలభై మంది దాటితే అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలు. పెద్ద ఫంక్షన్ హాలు, ఎల్‌ఈడీ స్క్రీను, డీజే ఈ వయసు బిడ్డకు అనవసరం.

చోటు చూసేటప్పుడు:

- పాలివ్వడానికి తలుపు వేసుకునే గది పక్కనే ఉందా?
- కరెంటు పోతే ఫ్యాను తిరుగుతుందా?
- పెద్దవాళ్లు మెట్లెక్కాలా?
- ఉయ్యాల కట్టడానికి కొక్కెం ఉందా, స్టాండు ఉయ్యాల తేవాలా? కొక్కేనికి ముందురోజు బరువు వేలాడదీసి చూడండి.

భోజనాల గురించి ఒక్క మాటే. రెండువైపులా తినేవి పెట్టండి, మాంసాహారం ఉంటే వేరే బల్ల మీద. మిగతాది వంటవాళ్లు చూసుకుంటారు.

5. నడిపించే మనిషిని ఎంచుకోవడం

పంతులుగారి స్థానంలో ఉండేది ఈ మనిషే. బిడ్డ తల్లి గానీ తండ్రి గానీ అయ్యుండకూడదు. వాళ్ల చేతుల్లో బిడ్డ ఉంటుంది, ధ్యాస పాల మీద ఉంటుంది.

కావాల్సిన లక్షణాలు మూడు: గొంతు వినబడాలి, రెండువైపులవాళ్లూ గౌరవించాలి, తక్కువ మాట్లాడాలి. మూడోది దొరకడం కష్టం. బడిలో పాఠాలు చెప్పేవాళ్లు, వరసకు పిన్ని అయ్యే టీచరు, ఆఫీసు స్నేహితుడు, ఎవరైనా సరే. సంఘాల్లో ఉపన్యాసాలిచ్చే మిత్రుడు ఉత్సాహపడితే ఒక షరతు ముందే చెప్పండి: ఆ రోజు మూఢనమ్మకాల మీద ప్రసంగం ఉండదు. వచ్చినవాళ్లలో సగంమంది ఆ ఉదయం దీపం పెట్టుకునే వచ్చి ఉంటారు. వాళ్లను పిలిచింది బిడ్డను చూడటానికి.

ఆ మనిషికి ముందే ఇవ్వాల్సినవి:

- ఒక పేజీ కార్యక్రమం, ఎవరు ఏ నిమిషంలో అన్నది
- మాట్లాడేవాళ్ల పేర్లు, బిడ్డకు ఏ వరసవుతారో
- పేరు, ఎలా పలకాలో
- 'ఇక చాలు' అనడానికి మీ ఇద్దరి నుంచి ఒక సైగ

6. పిలుపు

కార్డు పైన 'శ్రీరస్తు శుభమస్తు' ఉండదు కాబట్టి ఖాళీగా అనిపిస్తుందేమోనని చాలామందికి బెంగ. మామూలు మాటల్లో రాస్తే ఖాళీగా ఏమీ ఉండదు:

"మా ఇంటికి పాప వచ్చింది. తనకు పేరు పెట్టుకునే రోజున మీరు మా పక్కన ఉండాలి. ఆదివారం ఉదయం పదింటికి రండి. సరిగ్గా పదిన్నరకు పేరు పెట్టే కార్యక్రమం, ఆ తర్వాత అందరం కలిసి భోజనం. ఇది మతపరమైన పూజ లేని వేడుక."

చివరి వాక్యం దాచొద్దు. చెప్పకపోతే పీటలు ఎక్కడా, పంతులుగారు రాలేదేమని వచ్చినవాళ్లు అడుగుతూనే ఉంటారు. టైము విషయంలో 'సరిగ్గా' అన్న మాట ముఖ్యం. మన ఫంక్షన్లకు జనం భోజనాల వేళకు వస్తారు, పేరు పెట్టేది ముందే అయిపోతుందని వాళ్లకు తెలియాలి.

చదివింపులు వద్దనుకుంటే 'బహుమతులు వద్దు' అని ఊరుకోకండి, ఎవరూ వట్టి చేతులతో రారు. 'పాపకు ఒక ఉత్తరం రాసి తెండి' అనండి. తాతయ్య చేతిరాతతో ఉన్న అరపేజీని పాప పదిహేనేళ్లకు చదువుకుంటుంది.

7. ఆ రోజు ఏది ముందు, ఏది తర్వాత

బిడ్డ మధ్యలో రావాలి. చాలామంది మొదటి నిమిషం నుంచే బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. రెండు నెలల బిడ్డ ఒక విడతలో హాయిగా మేలుకుని ఉండేది గంటో, కాస్త ఎక్కువో. అందులో సగం స్వాగతాలకే పోతే పేరు పెట్టే సమయానికి ఏడుపే.

*10:00.* జనం రావడం, మజ్జిగో కాఫీయో. తల్లి, బిడ్డ లోపలి గదిలో. పాలు పట్టడం.

*10:30. స్వాగతం, రెండు నిమిషాలు.* నడిపించే మనిషి ఇలా మొదలుపెట్టొచ్చు: "అందరికీ నమస్కారం. ఈ ఇంటికి కొత్తగా వచ్చిన మనిషికి పేరు పెట్టుకోవడానికి కలిశాం. ఆ మనిషి ఇప్పుడు లోపల పాలు తాగుతోంది, కాసేపట్లో వస్తుంది. ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. ఫొటోలు తీసేవాళ్లు ఫ్లాష్ ఆపేయండి."

*10:33. పెద్దల మాటలు.* ఇద్దరే, చెరో రెండు నిమిషాలు. ఏం మాట్లాడాలో ప్రశ్న రూపంలో ముందే ఇవ్వండి: "తాతయ్యా, వాళ్ల నాన్న పుట్టిన రోజు ఎలా ఉందో చెప్పండి." ప్రశ్న ఇవ్వకపోతే వంశ చరిత్ర మొదలవుతుంది.

*10:38. పేరు వెనక కథ.* తల్లిదండ్రులు పేరు చెప్పకుండా, ఆ పేరు ఎందుకు ఎంచుకున్నారో మాత్రం చెప్పాలి. కాగితం చూసి చదివినా తప్పులేదు. నిద్ర లేని రాత్రుల తర్వాత ఎవరికీ ఏదీ గుర్తుండదు.

*10:43. బిడ్డ రావడం.* మేనమామ ఎత్తుకొస్తాడు. అందరూ లేచి నిలబడితే బాగుంటుంది, చప్పట్లు వద్దు, బిడ్డ ఉలిక్కిపడుతుంది.

*10:45. పేరు.* మేనత్త బిడ్డ చెవిలో పేరు చెప్తుంది. తర్వాత తల్లి, తండ్రి పళ్లెంలో బియ్యం మీద రాస్తారు.

ఈ బియ్యం దగ్గర కాస్త జాగ్రత్త. బియ్యం అంగుళం మందాన పోస్తే గీసిన గీత వెంటనే పూడుకుపోయి అక్షరం కనిపించదు. ముదురు రంగు వెడల్పాటి పళ్లెం తీసుకుని, అడుగు కప్పేంత పలచగా పోయండి. వేలితో రాస్తే కింద పళ్లెం రంగు బయటపడి అక్షరం తేటగా కనిపిస్తుంది. ఉంగరంతో రాస్తే గీత సన్నగా పడి ఒత్తులు, గుడులు కలిసిపోతాయి. పేరులో ఒత్తు ఉంటే ముందురోజు రాత్రి ఒకసారి రాసి చూసుకోండి. వెనక కూర్చున్నవాళ్లకు పళ్లెం కనబడదు, అందుకే పైనుంచి ఒక ఫోను పట్టుకుని టీవీకి కలపండి. అక్షరం ఒక్కొక్కటే పడుతుంటే గదిలో జనం ఊహించడం మొదలుపెడతారు, రెండో అక్షరానికే ఎవరో ఒకరు పైకి అనేస్తారు. అననివ్వండి, అదే సరదా.

రాయడం పూర్తయ్యాక నడిపించే మనిషి పేరును ఇంటిపేరుతో సహా ఒకసారి స్పష్టంగా ప్రకటించాలి. అందరూ మెల్లగా మూడుసార్లు పలకాలి. ఎవరికీ తప్పు పలకడం అలవాటు కాకుండా ఇది ఉపయోగపడుతుంది.

*10:53. ఉయ్యాల.* మేనత్త వేస్తుంది, అమ్మమ్మ, నాయనమ్మ ఊపుతూ జోల పాడతారు. దేవుడి పేరు ఉన్న లాలిపాటే వాళ్లకు వచ్చినదైతే? పాడనివ్వమనే అంటాను. ఆ పాట మీ అమ్మ మీకు పాడింది. దానిమీద పట్టుబట్టడం చాదస్తమే.

*10:58. మాట ఇవ్వడం.* ఆశీర్వచనం స్థానంలో ఇది వస్తుంది. తల్లిదండ్రులు బిడ్డనుద్దేశించి, తర్వాత వచ్చినవాళ్లు. నమూనా కింద ఉంది.

*11:05. ముగింపు.* ధన్యవాదాలు, భోజనాలకు పిలుపు. బిడ్డ లోపలికి. ఉత్తరాల పెట్టె గుమ్మం దగ్గర. ఇక్కడ ఇంకో 'చిన్న ఐటమ్' కలపాలనిపిస్తుంది, కలపొద్దు.

8. మాటలు: నమూనాలు

తల్లిదండ్రులు చెప్పేది, ఒక వాక్యం తల్లి, ఒక వాక్యం తండ్రి:

"నీ పేరు (పేరు). ఈ పేరు మేం పెట్టింది, దానికి అర్థం నువ్వు ఇచ్చుకుందువుగాని. నీకు ఆకలేస్తే అన్నం, భయమేస్తే మా పక్కన చోటు ఎప్పుడూ ఉంటాయి. నువ్వు ప్రశ్న అడిగితే తెలిసింది చెప్తాం, తెలియకపోతే కలిసి వెతుకుదాం. ఏది నమ్మాలో పెద్దయ్యాక నువ్వే తేల్చుకో. ఆడపిల్లవని దేనికీ ఆపం." (మగపిల్లాడైతే: "మగపిల్లాడివని ఇంటిపనికి మినహాయింపు ఇవ్వం.")

చివరి వాక్యానికి నవ్వులు వస్తాయి. ఆ నవ్వు ఆగనిచ్చి నడిపించే మనిషి వచ్చినవాళ్లవైపు తిరిగి అడగాలి: "వీళ్లకు అలసటొచ్చినప్పుడు మీరు తోడుంటారా?" అందరూ: "ఉంటాం." ఇంతకన్నా పెద్ద వాక్యం జనంచేత చెప్పించాలని చూస్తే గొణుగుడే వినిపిస్తుంది.

9. బిడ్డ జాగ్రత్తలు

- తేనె నాకించొద్దు, ఏడాది లోపు బిడ్డలకు ప్రమాదం. ఆరు నెలలదాకా తల్లిపాలే, పంచదార నీళ్లూ వద్దు.
- సాంబ్రాణి, అగరొత్తులు, రంగుల పొగలు బిడ్డ ఉన్న గదిలో వద్దు.
- కళ్లకు కాటుక వద్దు. అమ్మమ్మ పెట్టాల్సిందే అంటే అరికాలికి చుక్క.
- గుమ్మం దగ్గర సబ్బు, నీళ్లు పెట్టి చేతులు కడిగించే పని ఒక పిల్లాడికి అప్పగించండి. పెద్దవాళ్లు చెప్తే నొచ్చుకునేవాళ్లు కూడా పిల్లాడు చెప్తే నవ్వుతూ కడుక్కుంటారు.
- జలుబు, దగ్గు ఉన్నవాళ్లు వీడియోలో చూస్తారు. ముద్దులు ఎవరూ పెట్టకూడదు.
- జరీ, చమ్కీలు ఉన్న బట్టలు ఫొటోకు బాగుంటాయి, చర్మానికి కాదు. మెత్తటి నూలు వేయండి.

10. ఎదురయ్యే చిక్కులు

*బిడ్డ ఏడుపు ఆపట్లేదు.* కార్యక్రమం ఆపి తల్లిని లోపలికి పంపండి. ఆ పది నిమిషాలు ఉత్తరాలు చదివించండి. ఇందుకోసం రెండు ఉత్తరాలు ముందే ఎంచి పెట్టుకోవాలి.

*ఎవరో పెద్దాయన హఠాత్తుగా లేచి శ్లోకం అందుకున్నారు.* ఒక్క నిమిషంలో అయిపోతుంది, పూర్తిచేయనివ్వండి. "పెద్దలు ప్రేమతో దీవించారు, ఇప్పుడు బిడ్డను తీసుకొద్దాం" అని ముందుకు నడపండి. మధ్యలో ఆపితే అందరికీ అదే గుర్తుండిపోతుంది.

*అమ్మమ్మగారు పళ్లెం నిండా కుంకుమ, కర్పూరం తెచ్చేశారు.* సాయంత్రం ఇంట్లోవాళ్లే ఉన్నప్పుడు చూసుకుందామని పళ్లెం లోపల పెట్టించండి. ఈ మాట ఆవిడ సొంత కూతురే చెప్పాలి.

*మేనత్త చివరి నిమిషంలో రాలేదు, లేదా అలిగింది.* ఫోన్ బిడ్డ చెవి దగ్గర పెట్టి వీడియోలో చెప్పించండి. అలక కూడా చాలాసార్లు దాంతో తీరుతుంది.

*"పూజ లేకపోతే దీన్ని బారసాల అంటారా?" అని ఎవరో గట్టిగా అడిగారు.* "మీరంతా వచ్చారుగా బాబాయ్, భోంచేద్దాం రండి."

11. పేరును కాగితాల్లోకి ఎక్కించడం

ఫంక్షన్ మూడో నెలలో పెట్టుకున్నా జనన నమోదు ఆపకూడదు. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు కావాలి. ఆసుపత్రిలో పుడితే సమాచారం వాళ్లే పంపిస్తారు, పంపారో లేదో మీరు అడిగి తెలుసుకోండి. పేరు లేకుండానే నమోదవుతుంది. పేరు తర్వాత చేర్చడానికి నమోదు తేదీ నుంచి 12 నెలలదాకా రుసుము ఉండదు, ఆ తర్వాత 15 ఏళ్లదాకా ఆలస్య రుసుముతో చేరుస్తారు.

ఆలస్యం చేయకపోవడమే మంచిది. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం నుంచి పెళ్లి నమోదు దాకా పుట్టిన తేదీకి, పుట్టిన చోటుకు జనన ధ్రువపత్రమే ఆధారం. ఆధార్‌కూ ఇదే కావాలి. అయిదేళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు.

మతం గడి సంగతి చాలామంది అడుగుతారు. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక దంపతుల పిటిషన్ మీద, జనన నమోదు దరఖాస్తులో 'మతం లేదు', 'కులం లేదు' అని నింపే వీలు కల్పించాలని ఆదేశించింది. అలా నింపాలనుకుంటే తీర్పు ప్రతి, రాతపూర్వక అభ్యర్థన వెంట తీసుకెళ్లండి. కౌంటర్ దగ్గర నోటిమాటతో పని జరగదు. రిజర్వేషన్ వర్తించే కుటుంబాలు మాత్రం ఇది ఆవేశంలో తీసుకునే నిర్ణయం కాదని గుర్తుంచుకోవాలి. ఆ హక్కు బిడ్డది, దాన్ని వదులుకోవాలో లేదో తేల్చే వయసు తనకింకా రాలేదు.

మీసేవకో, మున్సిపల్ ఆఫీసుకో, ఆంధ్రలో సచివాలయానికో వెళ్లేటప్పుడు:

- ఆసుపత్రి ఇచ్చిన కాగితం, జనన నమోదు సంఖ్య
- తల్లిదండ్రుల ఆధార్, జిరాక్సులు
- తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ పేరు పెద్ద అక్షరాలతో రాసిన కాగితం, ముందు మీరు ఫొటో తీసి పెట్టుకున్నదే

కౌంటర్లో టైప్ చేసే మనిషికి పేరు నోటితో చెప్పొద్దు, కాగితం చూపించండి. ప్రింట్ తీసేముందు స్క్రీన్ మీ వైపు తిప్పమని అడిగి బిడ్డ పేరు, మీ ఇద్దరి పేర్లు, తేదీ, ఒక్కో అక్షరం వేలు పెట్టి చదువుకున్నాకే సరే అనండి. వెనక లైనులో ఉన్నవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.